బొట్టు పెట్టి పిలిచాను

కంకిపాడు,
వినాయక చవితి ముందు ఆదివారం.

చిరంజీవి జయంత్‌ను అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేం క్షేమమని ముందు రాయాలి. ఒంటి వరకు అందరం క్షేమమే, ఆ సంగతిలో బెంగపెట్టుకోవద్దు. నువ్వు కూడా ఆ కొండల్లో, ఆ సొరంగంలో, నెత్తిమీద టోపీ తియ్యకుండా, వేళకు తింటూ క్షేమంగా ఉన్నావనే అనుకుంటున్నాను. సొరంగం పైనుంచి నీళ్ళు కారుతున్నాయని ఒక్క ముక్క రాసి వదిలేశావు. అవి ఎక్కడినుంచి కారుతున్నాయి, కారితే మీ ఇంజనీర్లు ఏం చేస్తున్నారు, ఈసారి వివరంగా రాయి. ఆ ముక్క చదివిన దగ్గర్నుంచి మన వంటింటి కప్పు కారినా నాకు నువ్వే గుర్తొస్తున్నావు.

నీ ఉత్తరం చేతికిస్తూ పోస్టుమాన్ అన్నాడు, "ఈ రోజుల్లో ఉత్తరం రాసే కొడుకున్నాడంటే అదృష్టమే మామ్మగారూ" అని. ఫోనులో నీ మాట సగంలో తెగిపోతుంది కాబట్టి రాస్తున్నావని అతనికి చెప్పలేదు. నేనూ అందుకే రాస్తున్నాను. ఈ సంగతి ఫోనులో మొదలుపెట్టాక సిగ్నలు పోతే, నువ్వు విన్న సగమే నిజమనుకుంటావు. ఐదో తరగతి చదువుతో ఇంత పొడుగు ఉత్తరం రాయడం నాకు కష్టమే, తప్పులుంటే సర్దుకుని చదువుకో. కానీ చివరిదాకా చదువు. చదవకుండా మైలవరానికి ఫోను చెయ్యవద్దు.

మైలవరం ఎందుకన్నానో అని కంగారుపడకు. ముందు నువ్వడిగినవి చెబుతాను.

మీ నాన్న మోకాలు అలాగే ఉంది. ఆపరేషను మాటెత్తితే ఈ వానలు వెళ్ళనీ అంటారు. గట్టు మీద జారి పడతారేమోనని ఆయన చేనుకు వెళ్ళి వచ్చేదాకా నేను గుమ్మంలోనే ఉంటున్నాను. కాలువకు నీళ్ళొచ్చాయి, నాట్లయ్యాయి. ఇప్పుడు వాన ఆగడం లేదు, పల్లపు చేను మునుగుతుందేమో చూడాలి. నా షుగరు మాత్రలు వేసుకుంటున్నాను. ఒక్కోసారి వేసుకున్నానో లేదో గుర్తుండక చేతిలో పట్టుకుని కూర్చుంటున్నాను. భాను ఉంటే "వేసుకున్నారు అత్తయ్యా, ఇందాకే" అని చెప్పేది.

ఇక నువ్వు అన్నిటికన్నా ముందు అడిగిన మాట. భాను ఫోను ఎందుకు ఎత్తడం లేదని. భాను ఇక్కడ లేదు నాన్నా. చిన్నిని తీసుకుని మైలవరం, పుట్టింటికి వెళ్ళింది. చెప్పకుండా వెళ్ళలేదు, చెప్పే వెళ్ళింది. "అత్తయ్యా, మందులు వేళకు వేసుకోండి" అంది. ఇంకొక్క మాట అనలేదు. నాలుగు మాటలు అని వెళ్ళినా బాగుండేది.

ఈ పొద్దుటిదాకా మీ నాన్న, ఇప్పటికీ వీధిలోవాళ్ళు, చివరికి మీ మావగారు కూడా తప్పంతా భానుదే అంటున్నారు. నీ దాకా కూడా ఆ మాటే వస్తుంది. అది విని నువ్వు ఆ పిల్లను ఒక్క మాట అన్నావంటే, ఇక ఈ ఇంటికి ఆ పిల్ల వస్తుందని నాకు నమ్మకం లేదు. ఆ మాట కన్నా ఈ ఉత్తరం ముందు చేరాలని నా తాపత్రయం.

భాను పార్టీలో ఎలా చేరిందో నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. వేసవిలో ఒక సాయంత్రం వెంకటకృష్ణారావు గారు మనింటికి వచ్చారు. మండలంలో ఆ పార్టీకి ఆయనే పెద్ద. ఇప్పుడు అధికారంలో లేరు కదా, ఇంటింటికీ తిరుగుతున్నారు. కుర్చీ వేస్తే వద్దని అరుగు మీదే కూర్చున్నారు. మజ్జిగ అడిగి తాగారు. మీ నాన్న మోకాలు సంగతి అడిగారు. నువ్వు ఏ కొండల్లో ఉన్నావో మేం చెప్పకముందే ఆయనే చెప్పారు. మన సంగతులు ఈయనకెలా తెలుసునా అనుకున్నాను. లేచేముందు అన్నారు,

"పిన్నిగారూ, మీ కోడల్ని మాకివ్వండి."

"అదేం మాట బాబూ, సంబంధం అడిగినట్టు" అన్నాను.

"ఇంచుమించు అదే అనుకోండి. మీ వీధికి మాకో మనిషి కావాలి."

మీ నాన్న మొహమాటపడ్డారు. "మాకు పార్టీల మీద అంత ఇదేం లేదండీ. మీ జెండా పట్టుకు తిరిగేవాళ్ళు ఈ వీధిలోనే ఉన్నారుగా, వాళ్ళని అడగండి."

ఆయన నవ్వారు. "జెండా పట్టుకునేవాళ్ళు ఎటూ మా వెనకే ఉంటారు బాబాయ్‌గారూ. వాళ్ళొస్తుంటే జనం పక్కకు తప్పుకుంటారు. పార్టీ మీద ప్రేమున్నవాళ్ళు కాదండీ మాక్కావలసింది. వీధిలో ఒకళ్ళకు జ్వరమొస్తే ముందు ఎవరింటికి కబురొస్తుందో, ఆ ఇంటి మనిషి కావాలి. మీ ఇంటికే కదండీ వచ్చేది."

నేను పొంగిపోయాను. ఆయన వెళ్ళాక కూడా ఆ మాటే రెండు మూడుసార్లు మీ నాన్నతో అన్నాను. మన మంచితనాన్ని ఒకాయన గుర్తించాడనుకున్నాను గానీ, దాన్ని తీసుకుపోవడానికి వచ్చాడనుకోలేదు.

భాను తలుపు పక్కన నిలబడి అంతా విన్నది. "నాకు నలుగురిలో మాట్లాడటం రాదండీ" అంటే, "మేం నేర్పిస్తాం కదమ్మా" అన్నారు.

నేర్పించారు కూడా. విజయవాడలో ఒక ఫంక్షన్ హాల్లో. మండలానికో బస్సు పెట్టారు, బిర్యానీ పెట్టారు, మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. పాఠం చెప్పింది హైదరాబాదు నుంచి వచ్చిన సింధూరి అనే పిల్లట. ఆ పార్టీకి పని చేసిపెట్టే కంపెనీలో ఉద్యోగమట, ఆ పిల్లకు ఇక్కడ ఓటు కూడా లేదట. మొదటిసారి వెళ్ళినప్పుడు పార్టీ పేరెత్తకూడదు. ఇంట్లో జబ్బుగా ఉన్నవాళ్ళను ముందు పలకరించాలి. ఎవరికి ఏ ఇబ్బంది ఉందో తెలుసుకుని ఫోనులో ఎక్కించాలి. వినగానే నాకు భయమేసింది గానీ, భాను మాత్రం సంతోషంగా ఉంది. మర్నాడు నాకే పాఠం అప్పజెప్పింది.

"అత్తయ్యా, మీరు గుమ్మంలో నిలబడి నన్ను లోపలికి రానివ్వకండి."

"నిన్ను రానివ్వకపోతే వంటెవరు చేస్తారే?"

"అబ్బా, ఊరికే అత్తయ్యా. నేనెవరో మీకు తెలీదనుకోండి."

సరేనని గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టాను. "ఎవరు కావాలమ్మా?" అన్నాను.

"ఎండలో వచ్చానండీ, కాసిని మంచినీళ్ళిస్తారా?"

నీళ్ళడిగితే ఎలా కాదంటాను? లోపలికి వెళ్ళి తెచ్చేసరికి నా కుర్చీలో కూర్చుని ఉంది. "చూశారా, అయిపోయింది. కూర్చున్న మనిషిని ఎవరూ పొమ్మనలేరట. సింధూరి మేడమ్ చెప్పింది."

మీ నాన్న మంచం మీద నుంచి, "ఆ విద్య మీ అత్తయ్యకు పుట్టుకతోనే వచ్చమ్మా. పెళ్ళైన రోజున వచ్చి కూర్చుంది, ఇప్పటికీ పొమ్మనలేకపోతున్నా" అన్నారు. భాను పగలబడి నవ్వింది. నువ్వు ఆ కొండలకు వెళ్ళాక ఆ పిల్ల అలా నవ్వగా నేను వినలేదు.

నిజం చెబుతున్నాను జయంత్, ఆ పని ఆ పిల్లకు నప్పింది. మన వీధిలో అమలమ్మకు రేషను కార్డులో పేరు తప్పు పడితే రెండుసార్లు ఆఫీసుకు తిరిగి సరిచేయించింది. ఎవరికో కాన్పు కష్టమైతే ఆటో పిలిపించి తనే వెళ్ళింది. మంగళగిరి చీర కట్టుకుని, కార్డు వేసుకుని వీధిలో వెళ్తుంటే 'భానుశ్రీ గారూ' అని పిలిచేవారు. ఇన్నాళ్ళూ జయంత్ గారి మిసెస్సు, లేకపోతే చిన్ని వాళ్ళమ్మ. సొంత పేరుతో పిలిపించుకోవడం నాకు ఈ వయసు దాకా తెలియదు కాబట్టి, ఆ పిల్ల ముఖంలో వెలుగు చూసి నాకూ మురిపెంగా ఉండేది.

చిక్కు శ్రావణంలో వచ్చింది. వీధి ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి మీటింగు పెట్టాలన్నారు. భాను ఇల్లిల్లూ తిరిగి పిలిచింది. అందరూ "వస్తాంలే" అన్నారు. ఒక్కరూ రాలేదు. వెంకటకృష్ణారావు గారి భార్య ఉషశ్రీ కారులో వచ్చి, మనింటి ముందు వేసిన ఖాళీ కుర్చీలు చూసుకుంటూ కూర్చుంది. చివరికి అమలమ్మ వచ్చింది, అదీ కరివేపాకు కోసం. ఉషశ్రీ లేస్తూ, "ఏం భానుశ్రీ, నీ వీధిలో నీ మాట ఇంతేనా? పక్క వీధి పిల్లను చూసి నేర్చుకో" అంది. అందరి ముందూ కాదు, నా ముందే అంది. నాకు అదే ఎక్కువ బాధేసింది. భాను ఆ పూట అన్నం తినలేదు. కార్డు తీసి అల్మారాలో పెట్టేసింది.

ఆ తర్వాతి శుక్రవారం మనింట్లో పేరంటం పెట్టాం. నేనే కుంకుమ భరిణె పట్టుకుని వీధంతా వెళ్ళి బొట్టు పెట్టి పిలిచాను. బొట్టు పెట్టి పిలిస్తే రాకపోవడం మన వైపు లేదని నీకు తెలుసు. మాటల్లేని తోడికోడళ్ళు కూడా వచ్చి, తాంబూలం పుచ్చుకుని, మాట్లాడకుండానే వెళ్తారు గానీ రాకుండా ఉండరు. అందరూ వచ్చారు. హాలు నిండింది. ఉషశ్రీ కూడా పట్టుచీర కట్టుకుని వచ్చింది. అందరి రెండు చేతుల్లోకీ శనగలు, తాంబూలం ఇచ్చాక, పెద్ద ముత్తయిదువులకు శాలువా కప్పుతున్నట్టుగా నవ్వుతూ వరసన అందరి మెడల్లోనూ పార్టీ కండువాలు వేసుకుంటూ వెళ్ళింది. చేతులు నిండా ఉన్నాయి, ఎవరూ తీసెయ్యలేకపోయారు. అలా నిలబెట్టి ఫొటో తీసింది. అందరి ఫోన్లకూ నంబరు వస్తుంది, అది చెబితే బహుమతి ఇస్తామంది, అందరూ చెప్పేశారు. భాను, "అక్కా, ఇవాళ అది వద్దండీ, పేరంటమని వచ్చారు" అని చెవిలో చెప్పడం నేను విన్నాను. ఉషశ్రీ వినలేదు. మర్నాడు అందరి ఫోన్లకూ, పార్టీలో చేరినందుకు ధన్యవాదాలని వచ్చింది.

ఆ ఫొటోలో పద్మశ్రీ ఉంది. నీకు తెలుసుగా, చేపల కాశీరావు భార్య. సముద్రం వైపు నుంచి వచ్చి మన వీధి చివర ఉంటున్నారు. కాశీరావుకు నడుం పడిపోయి బండి మీద చేపలు తిప్పడం మానేశాడు. పద్మశ్రీ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండితేనే ఆ ఇల్లు నడుస్తోంది. ఆ పని ఉంచడం, తియ్యడం అధికారంలో ఉన్నవాళ్ళ చేతిలో ఉంది. వాళ్ళ తరఫున మన ఊళ్ళో పెత్తనం చేసేది బాబీ. ఫొటో వాడికి చేరింది. పార్టీలో చేరిన మనిషి బడిలో వండకూడదని, సోమవారం నుంచి రావద్దని పద్మశ్రీకి చెప్పేశారు. ఆ పొయ్యి దగ్గరికి వాళ్ళ మనిషిని ఒకామెను అనుకున్నారట కూడా.

పద్మశ్రీ మనింటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. "మామ్మగారూ, మీరొచ్చి ఒక్క మాట చెప్పండి. పేరంటమని పిలిస్తే వచ్చాను, పార్టీకి కాదని. నేను చెబితే ఎవరూ ఇనట్లేదు, మీరు చెబితే ఇంటారు" అంది. ఏడవలేదు. నా కళ్ళలోకి చూస్తూ చెప్పింది. నేనే తల దించుకున్నాను.

భాను వెంటనే వెంకటకృష్ణారావు గారికి ఫోను చేసింది. స్పీకరులో నేనూ విన్నాను. "నువ్వేం మాట్లాడకమ్మా" అన్నారు ఆయన. "తియ్యనివ్వు. తీస్తేనే మనకి మంచిది. మన పార్టీ ఆడబిడ్డ పొట్ట కొట్టారని బడి ముందు ధర్నా చేద్దాం. మనం వచ్చాక ఆమెకు అంతకన్నా మంచి పని చూద్దాంలే."

భాను ఫోను పెట్టేసి నా వైపు చూసింది. "ఆవిడ మన పార్టీ కాదు కదా అత్తయ్యా" అంది. "రేపు నేను బడికి వెళ్ళి చెప్పేస్తాను. పేరంటమని పిలిచి ఇలా చేశామని. పార్టీలో తీసేస్తే తీసేస్తారు" అంది.

"నువ్వెందుకే, నేను వెళ్తాను. పెద్దదాన్ని, నన్నేమంటారు" అన్నాను. నేనే వెళ్ళాను.

ఆ తర్వాత వీడియో వచ్చింది. నీకు ఎవరైనా చూపించారో లేదో తెలియదు. అందులో, కోడలు చెబితే అత్తగారు పేరంటమని అబద్ధమాడి వీధి ఆడవాళ్ళను పార్టీలో చేర్పించిందని ఉంటుంది. పద్మశ్రీని మళ్ళీ పనిలోకి రానిచ్చారు. భానును పార్టీ వాళ్ళు గ్రూపులోంచి తీసేశారు. ఉషశ్రీ ఫోను చేసి, "నీ వల్ల మా ఆయన పరువు పోయింది" అంది. వీధిలో ఆడవాళ్ళు ఆ పిల్ల ఎదురైతే, "ఈ శుక్రవారం ఏం పేరంటం భానుశ్రీ గారూ" అని నవ్వారు. మీ నాన్న కూడా, "ముసలిదాన్ని అడ్డం పెట్టుకుని ఇలాంటి పనులా అమ్మా" అన్నారు.

ఇక్కడిదాకా ఊరికంతా తెలిసిందే. ఇకమీదట రాసేదాంట్లో కొంత భానుకు తెలుసు, మిగతాది నిన్నటిదాకా నాకే తెలుసు.

పేరంటం ఆలోచన భానుది కాదు. నాది. నన్నెవరూ అడగలేదు. ఆ పిల్ల అన్నం తినకుండా పడుకుంటే చూడలేక, మర్నాడు పొద్దున్నే కాఫీ ఇచ్చి నేనే అన్నాను, "మీటింగంటే ఎవరొస్తారే పిచ్చిదానా. నేను బొట్టు పెట్టి పిలుస్తాను, ఎలా రారో చూద్దాం" అని. "వద్దు అత్తయ్యా, పేరంటం వేరు, పార్టీ వేరు" అంది భాను. "వాళ్ళు తాంబూలం పుచ్చుకునే ముందు నువ్వు రెండు ముక్కలు చెబుతావు, అంతేగా, ఏం మునిగిపోతుంది" అని నేనే ఒప్పించాను. ఉషశ్రీని కూడా పిలవమన్నది నేనే. ఆవిడ అన్న మాటకు హాలు నిండా జనాన్ని చూపించాలని నాకు పంతం. భాను పంతం కాదది, నాది.

ఇంకా ఉంది. పద్మశ్రీ గుమ్మంలో నేను బొట్టు పెట్టబోతే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "మామ్మగారూ, పార్టీవాళ్ళెవరన్నా వస్తారాండీ? నా పని సంగతి మీకు తెల్సు కదా, నలుగురి కళ్ళూ నా మీదే ఉంటాయి" అంది. వేలి మీద కుంకుమ ఉంది. నేను "ఎవరూ రారమ్మా, ఉత్త పేరంటమే" అన్నాను. అని బొట్టు పెట్టాను. ఈ సంగతి భానుకు తెలియదు. తెలిస్తే పద్మశ్రీని గుమ్మంలోనే వద్దని పంపేసేది.

బడికి వెళ్ళినప్పుడు ఇదంతా చెప్పాలనే వెళ్ళాను, నమ్ము. దారి పొడవునా మనసులో అనుకుంటూ వెళ్ళాను. హెడ్మాస్టరు గదిలో ఆయన కుర్చీలో బాబీ కూర్చున్నాడు, హెడ్మాస్టరు పక్కన బల్ల మీద కూర్చున్నారు. నన్ను మర్యాదగా కూర్చోబెట్టాడు. ఫోను నా ముందు పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాడు. పేరంటమని పిలిచానని, పద్మశ్రీకి పార్టీ సంగతి తెలియదని చెప్పాను. అక్కడిదాకా బాగానే చెప్పాను.

"అబద్ధం చెప్పి పిలవడం మరి తప్పు కదా మామ్మగారూ. ఎవరు చేయించారు?" అన్నాడు.

"ఎవరో ఎందుకు బాబూ, నేనే..." అన్నాను.

గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. బాబీ కూడా నవ్వాడు. "మీరా? మీకెందుకండీ ఈ రాజకీయాలు, మీకేం తెలుసు పాపం. కోడలు చెప్పింది, మీరు చేశారు. అంతేగా?"

నాకు ఒక్కసారిగా భయం పట్టుకుంది. నేనేనంటే కేసు పెడతారేమో, మీ నాన్న పింఛను ఆపేస్తారేమో, ఇంటికి పోలీసులొస్తారేమో. ఎన్ని అనుకున్నానో. తప్పించుకునే దారి వాడే చూపించాడు. నేను "అంతే బాబూ" అన్నాను.

భయపడి అన్నానని రాసి ఊరుకోవచ్చు. కానీ ఆ మాట అన్నాక నాకు హాయిగా అనిపించింది జయంత్. ఏమీ తెలియని ముసలిదాన్నయిపోయాను. పాపం అని మంచినీళ్ళిచ్చారు, ఆటో ఎక్కించారు. ఇంటికొస్తూ బయటపడ్డాను కదా అనుకున్నాను. ఈ ఒక్క ముక్క రాయలేకే ఇన్ని కాగితాలు రాశాను.

వీడియో భాను వంటింట్లో చూసింది. చిన్నికి అన్నం పెడుతూ చూసింది. మొత్తం చూసి, ఫోను బోర్లా పెట్టి, పిల్లకు పెరుగు కలిపి పెట్టింది. ఆలోచన ఎవరిదో ఆ పిల్లకు తెలుసు కదా. మీ నాన్న అరుస్తున్నప్పుడు, "అత్తయ్యను అడగండి" అంటే సరిపోయేది. అనలేదు. నేను అంటానేమోనని నా వైపు చూసింది. నేను చిన్ని కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను. మర్నాడు మైలవరం వెళ్ళింది.

తర్వాత నేను బాబీ దగ్గరకు వెళ్ళాను. "బాబూ, ఇంకో వీడియో తియ్యి. మా కోడలు చెప్పలేదు, నేనే చేశానని చెబుతాను" అన్నాను.

"అదైపోయిందండీ మామ్మగారూ, ఇప్పుడు తీసినా ఎవరూ చూడరు" అన్నాడు. అని ఊరుకోలేదు. వాళ్ళ మహిళా కమిటీలో నన్ను వేస్తానన్నాడు. "తిరగక్కర్లేదు, ఊరికే వచ్చి కూర్చుంటే చాలు. మీరు చెబితే అబద్ధమని ఎవరూ అనుకోరండీ. మాకు అలాంటి పెద్దావిడ కావాలి" అన్నాడు. వెంకటకృష్ణారావు గారు మనింటికి వచ్చి అన్న మాటలే కొంచెం మార్చి అన్నాడు. అక్కడినుంచి వచ్చేశాను. వాళ్ళ సంగతికేం, అవతల వెంకటకృష్ణారావు గారు అప్పుడే మన వీధిలో ఇంకో పిల్ల కోసం వెతుకుతున్నారు. అమలమ్మ కూతురి చదువు సంగతి అడిగి వెళ్ళారట.

పద్మశ్రీకి నిన్న చెప్పాను. బడి నుంచి వస్తుంటే దారిలో నిలబెట్టి చెప్పాను, ఎవరూ రారని చెప్పిన అబద్ధం నాదేనని, భానుకు తెలియదని. తిడుతుందనుకున్నాను. "నాకు ఆ రోజే అనుమానమొచ్చింది మామ్మగారూ. మీ మొకం అదోలా ఉంది. కానీ మీరు కుంకం పట్టుకుని నిలబడ్డారు, ఇంకేం అడగను" అంది. వెళ్తూ వెళ్తూ, "భానుశ్రీ గారికి చెప్పారా?" అంది. లేదన్నాను. చేతిలో గిన్నెలు రెండో చేతికి మార్చుకుని వెళ్ళిపోయింది.

ఈ పొద్దున మీ నాన్నకు చెప్పాను. టిఫిను తింటున్నారు. సగంలో చెయ్యి కడుక్కున్నారు. "ఆ పిల్లను ఎన్ని మాటలన్నాను. నువ్వు పక్కనే ఉన్నావు కదే" అన్నారు. ఉన్నానన్నాను. కర్ర తీసుకుని లేచారు. ఎక్కడికంటే, "మైలవరం బస్సు సంగతి కనుక్కొస్తా. నేనూ వస్తాను, నేనన్నవి నేను చెప్పుకోవాలి" అన్నారు. ఆ మోకాలితో రెండు బస్సులు మారడం ఎలాగో, వాన పడితే బస్టాండులో ఎక్కడ నిలబడతామో, అదో బెంగ.

రేపు వెళ్తున్నాం. భానుకు ఒక్కదానికే చెబితే సరిపోదు, నలుగురిలో పోయిన మాట కదా. మీ అత్తగారు, మావగారు కూర్చుని ఉండగా, చిన్ని వినేలా చెబుతాను. తిరిగొచ్చాక నేను బొట్టు పెట్టిన ప్రతి గుమ్మానికీ మళ్ళీ వెళ్తాను. వినేవాళ్ళు వింటారు, తలుపేసుకునేవాళ్ళు వేసుకుంటారు. విజయవాడలో బస్సు మారేటప్పుడు ఈ ఉత్తరం డబ్బాలో వేస్తాను. నీకు అందేసరికి అక్కడ ఏమయిందో నాకు తెలిసిపోయి ఉంటుంది, నీకు తెలియదు. అందుకే ముందుగా అడుగుతున్నాను.

ఆదివారం పైకొచ్చి సిగ్నలు దొరికితే భానుకు ఫోను చెయ్యి. తిరిగి వెళ్ళమని చెప్పకు. రావడం, మానడం ఆ పిల్ల ఇష్టం. వచ్చి మళ్ళీ ఏదో ఒక పార్టీలో తిరుగుతానన్నా, ఏ పార్టీ లేకుండానే వీధి పనులు చేస్తానన్నా అడ్డు చెప్పకు. ఆ పని ఆ పిల్లకు వచ్చు. నన్ను తిట్టాలనిపిస్తే ఆ పిల్ల వినేలానే తిట్టు, నేనేమీ అనుకోను.

ఒక్కటి మాత్రం నా కోసం అనవద్దు. "అమ్మ పెద్దది కదా, తెలియక చేసింది, పోనీలే" అని చెప్పకు నాన్నా. తెలియక చెయ్యలేదు. పెద్దదాన్ని కాబట్టే వీధంతా నన్ను నమ్మింది.

సొరంగంలో నీళ్ళ సంగతి రాయడం మరిచిపోకు.

ఇట్లు,
నీ జవాబుకు భయపడుతూనే దాని కోసం ఎదురుచూసే
మీ అమ్మ
రావమ్మ